డెబియన్ 12లో అడాప్టెక్ 2940 స్కజీ కార్డు: డ్రైవర్ లోడ్ అవుతోంది, టేప్ డ్రైవ్ మాత్రం బిగుసుకుపోతోంది

పాతపెట్టె_శీను
మా మామగారికి విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. మూసేసి చాలాకాలమైంది. అప్పటి డీటీపీ ఫైళ్ల బ్యాకప్ అంతా 4 మిల్లీమీటర్ల డాట్ టేపుల (కంప్యూటర్ బ్యాకప్‌కు వాడే చిన్న క్యాసెట్లు) మీద ఉంది, ఒక అట్టపెట్టె నిండా. లేబుళ్ల మీద 1998 నుంచి 2003 దాకా తేదీలున్నాయి. అందులో ఒకాయన రాసిన ఊరి చరిత్ర పుస్తకం పేజీలు ఉన్నాయట. ఆయన పోయారు, పుస్తకం ఎక్కడా దొరకడం లేదు. వాళ్లమ్మాయి మళ్లీ అచ్చు వేయిద్దామని అడుగుతున్నారు.

టేప్ డ్రైవ్ మా దగ్గరే ఉంది. హెచ్‌పీ డీడీఎస్-3 (డాట్ టేపుల్లో మూడో తరం), కేబినెట్ లోపల బిగించే రకం, వెనక 50 పిన్నుల స్కజీ (డిస్కులు, టేపులు, స్కానర్లు తగిలించే పాత పద్ధతి). దానితోపాటు ఉన్న కార్డు అడాప్టెక్ ఏహెచ్‌ఏ-2940యూడబ్ల్యూ. నా డెస్క్‌టాప్‌లో పీసీఐ స్లాట్ లేదు కాబట్టి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో గుచ్చి దాని మీద పాత పీసీఐ కార్డు పెట్టుకునే అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. డెబియన్ 12 లైనక్స్, 64 బిట్.

ఎల్‌ఎస్‌పీసీఐలో (పీసీఐ కార్డుల జాబితా చూపే ఆదేశం) కార్డు కనిపిస్తోంది, నంబరు 9004:8178. దాని డ్రైవర్ ఏఐసీ7ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ మాడ్యూల్ దానంతటదే లోడ్ అవుతోంది. ఒక్కోసారి టేప్ డ్రైవ్ పేరు కూడా వస్తోంది. కానీ ఎంటీ స్టేటస్ (టేప్ డ్రైవ్ స్థితి అడిగే ఆదేశం) కొడితే టెర్మినల్ అక్కడే బిగుసుకుపోతోంది. డీమెసేజ్ (లైనక్స్ మూల ప్రోగ్రామైన కెర్నల్ రాసే సందేశాల చిట్టా) నిండా ‘అటెంప్టింగ్ టు అబార్ట్’ అనీ, ‘డంప్ కార్డ్ స్టేట్ బిగిన్స్’ అనీ పేజీలకు పేజీలు. కంట్రోల్-సీ పనిచేయదు, కిల్ 9 కూడా పనిచేయదు. రీబూటే గతి.

కార్డు పోయిందా, డ్రైవ్ పోయిందా, లేక లైనక్స్‌లో ఈ డ్రైవర్‌ను ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదా?

సిస్టమ్‌సుబ్బు
టెర్మినేటర్.

సిస్టమ్‌సుబ్బు
ఇంకేమీ చదవకుండానే చెప్తున్నా. స్కజీ గొడవల్లో పదింట తొమ్మిది టెర్మినేటరే, అదే, కేబుల్ చివర సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే ముక్క. పదోది కేబుల్.

కెర్నల్‌కాకా
సుబ్బు చెప్పింది కావచ్చు, కాకపోవచ్చు. ముందు తెలిసినవి తేల్చుకుందాం.

ఎల్‌ఎస్‌పీసీఐలో కనిపిస్తోందంటే కార్డు పీసీఐ వైపు బతికే ఉంది. డ్రైవర్ సంగతి బెంగ పెట్టుకోకండి. ఏఐసీ7ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఇప్పటికీ కెర్నల్‌లో ఉంది, డెబియన్ మామూలు కెర్నల్ ప్యాకేజీలో వస్తుంది (క్లౌడ్ కెర్నల్ వేసుకుంటే మాత్రం ఇలాంటివన్నీ తీసేసి ఉంటాయి). ఇది గాలివాటుగా రాసిన డ్రైవరూ కాదు. 2.4 కెర్నల్ రోజుల్లో ఫ్రీబీఎస్‌డీ నుంచి వచ్చిన జస్టిన్ గిబ్స్ డ్రైవరు, అంతకుముందు డగ్ లెడ్‌ఫోర్డ్ చూసుకున్న పాత డ్రైవరు రెండూ పక్కపక్కనే ఉండేవి. జనం రెండూ వేసి చూసి కొట్టుకునేవాళ్లు. అలా నలిగి నలిగి గట్టిపడింది.

టేప్ డ్రైవ్ పేరు వస్తోందంటే ‘నువ్వెవరు’ అని అడిగే ఎంక్వయిరీ కమాండ్ వెళ్లి జవాబు తిరిగొచ్చింది. అంటే వైరు పూర్తిగా తెగలేదు. ఆ తర్వాతి కమాండ్ల దగ్గరే ఆగిపోతోంది. దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, స్కజీ కేబుల్ మీద సిగ్నల్ పాడవడం. రెండు, పని అయిపోయిందని కార్డు చెబుతున్నా ప్రాసెసర్‌కు వినిపించకపోవడం. డీమెసేజ్ మొత్తం కాకుండా, ఆ డంప్ మొదలవడానికి ముందు ఉన్న వరసలు పెట్టండి. అసలు విషయం ఎప్పుడూ డంప్‌కు పైన ఉంటుంది, అందరూ డంప్‌నే కాపీ చేసి పెడతారు.

కిల్ 9 పనిచేయకపోవడం మామూలే. ఆ ప్రాసెస్ డ్రైవర్ లోపల డీ స్టేట్‌లో నిద్రపోతోంది, కార్డు జవాబిచ్చేదాకా లేవదు.

డల్లాస్_దాసు
ఇంత తంటా ఎందుకు? హెచ్‌పీ డాట్ 72 డ్రైవ్ యూఎస్‌బీలో కూడా వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. డీడీఎస్-3, డీడీఎస్-4 టేపులు చదువుతుంది. పెట్టి, ప్లగ్ చేసి, డీడీ (ఉన్నదున్నట్టు కాపీ చేసే ఆదేశం) కొట్టడమే. కార్డూ వద్దు, కేబులూ వద్దు, సుబ్బు టెర్మినేటరూ వద్దు.

సిస్టమ్‌సుబ్బు
నా టెర్మినేటర్ జోలికి రాకు.

పాతపెట్టె_శీను
దాసు గారూ, టేపులన్నీ ఒకే రకం కాదు. కొన్నిటి మీద 125ఎం అని ఉంది, పాత వాటి మీద 120ఎం అని ఉంది. కావలసిన పుస్తకం 1998 నాటిది, అది 120ఎం వాటిలోనే ఉండాలి.

డల్లాస్_దాసు
అయితే నా సలహా సగమే పనికొస్తుంది. 120 మీటర్లంటే డీడీఎస్-2. డాట్ 72కు డీడీఎస్-3 నుంచే. పొడవు చూసి గుర్తుపట్టొచ్చు: 90 మీటర్లు డీడీఎస్-1, 120 డీడీఎస్-2, 125 డీడీఎస్-3, 150 డీడీఎస్-4, 170 డాట్ 72. మీ డీడీఎస్-3 డ్రైవ్ కింది రెండూ చదువుతుంది. అదే బాగుచేసుకోవడం మంచిది.

రమ_రూట్
డ్రైవ్‌లో పెట్టే ముందు ప్రతి టేపుకూ రైట్ ప్రొటెక్ట్ జరపండి. డాట్ టేపులో ఆ చిన్న కిటికీ తెరిచి ఉంటే రాయడం కుదరదు. క్యాసెట్ రోజుల్లో పెరిగినవాళ్లకు సులువే. ఎంటీ ఆదేశాల్లో ఎరేజ్, డబ్ల్యూఈఓఎఫ్ అని టేపును చెరిపేవి, దాని మీద రాసేవి కూడా ఉంటాయి, అర్ధరాత్రి నిద్రమత్తులో ఏం కొడతామో తెలియదు.

ఇక కేబుల్ సంగతి. 2940యూడబ్ల్యూ మీద మూడు కనెక్టర్లుంటాయి: లోపల 68 పిన్నులది, లోపల 50 పిన్నులది, బయటికి 68 పిన్నులది. మూడింటిలో ఒకేసారి రెండే వాడాలి. మీరు 50 పిన్నులది ఒక్కటే వాడుతున్నారు కదా? అయితే కార్డు ఒక చివర, డ్రైవ్ రెండో చివర. రెండు చోట్లా టెర్మినేషన్ ఉండాలి, మధ్యలో ఉండకూడదు. డ్రైవ్‌ను రిబ్బన్‌కు మధ్య కనెక్టర్లో గుచ్చి చివర ఖాళీగా వేలాడదీస్తే ఇలాగే అవుతుంది. కార్డు వైపు బూట్ అయ్యేటప్పుడు కంట్రోల్-ఏ కొడితే స్కజీసెలెక్ట్ స్క్రీన్ వస్తుంది, అందులో టెర్మినేషన్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. డ్రైవ్ ఐడీ 7 కాకుండా చూసుకోండి, 7 కార్డుది.

పాతపెట్టె_శీను
రమ గారూ, రిబ్బన్ చివరి కనెక్టర్లోనే ఉంది. దానికి అవతల నల్లటి టెర్మినేటర్ ముక్క కూడా తగిలించే ఉంది, ప్రెస్సులో ఎలా ఉందో అలాగే తీసుకొచ్చాను. డ్రైవ్ ఐడీ 3. కేబుల్ అరమీటరు కూడా ఉండదు.

కంట్రోల్-ఏ స్క్రీన్ మాత్రం రావడమే లేదు. ఆ కార్డు సందేశమే తెర మీద కనిపించదు. అందుకే కార్డు పోయిందేమో అనుకున్నా.

రమ_రూట్
మదర్‌బోర్డు పూర్తి యూఈఎఫ్‌ఐలో (కొత్త తరహా బూట్ పద్ధతి) బూట్ అవుతూ, సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతిని నడిపే సదుపాయం) ఆపేసి ఉంటే ఆ కార్డు మీది పాత బయోస్ అసలు నడవదు. కార్డు బాగానే ఉండొచ్చు. లైనక్స్ డ్రైవర్‌కు ఆ బయోస్‌తో పెద్ద పనిలేదు, దాని నుంచి బూట్ చేయాలంటేనే కావాలి. సెట్టింగులు కార్డు మీది చిన్న చిప్‌లో నిల్వ ఉంటాయి, డ్రైవర్ అవి చదువుకుంటుంది. కొత్త బోర్డుల్లో సీఎస్ఎం అన్న ఆప్షనే ఉండదు.

ఓరుగల్లు_పెంగ్విన్
నాకు పాత సర్వర్లో ఇట్లనే అయింది. రూట్ డిస్కే స్కజీ మీద ఉండె. కెర్నల్ నేనే కంపైల్ చేసి ఏఐసీ డ్రైవర్‌ను మాడ్యూల్‌గా పెట్టిన. ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న ఫైళ్ల మూట) అది లేదు. ‘అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’ అని ప్యానిక్. డ్రైవర్ డిస్కు మీద, డిస్కు డ్రైవర్ వెనక. అప్‌డేట్-ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ కొట్టిచూడన్నా.

కెర్నల్‌కాకా
పెంగ్విన్, ఆయన రూట్ డిస్క్ స్కజీ మీద లేదు, మాడ్యూల్ లోడ్ అవుతోంది కూడా. అది వేరే రోగం.

గోదారి_స్కాన్
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా దగ్గర యూమాక్స్ ఆస్ట్రా 1220ఎస్ స్కానర్, దానితో వచ్చిన చిన్న స్కజీ కార్డు ఉన్నాయి. ఉబుంటులో స్కానర్ కనిపించడం లేదు. ఈ థ్రెడ్‌లో ఉన్నవి నాకూ వర్తిస్తాయా?

రమ_రూట్
స్కానర్లతో ఉచితంగా ఇచ్చిన కార్డులు వేరే జాతి. బయోస్ ఉండదు, కొన్నిటికి ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే సైగ) కూడా ఉండదు. పీసీఐ కంటే పాతదైన ఐఎస్ఏ కార్డు అయితే ఇప్పటి బోర్డుల్లో పెట్టడానికి స్లాటే దొరకదు. పీసీఐ కార్డు అయితే దాని మీదున్న చిప్ నంబరు చెప్పండి. కార్డు పని చేస్తుంటే ఎస్‌జీ మాడ్యూల్ లోడ్ చేసి, సేన్-ఫైండ్-స్కానర్ కొట్టండి. స్కానర్ ఎస్‌డీ (డిస్కు) గానీ ఎస్‌టీ (టేపు) గానీ అవదు, ఎస్‌జీ పరికరంగానే కనిపిస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసే ముందే స్కానర్ ఆన్ చేసి ఉండాలి.

పాతపెట్టె_శీను
కాకా గారూ, డంప్‌కు పైన ఉన్నది దొరికింది. కార్డు ఎక్కినప్పుడు వచ్చేది బాగానే ఉంది: ఏఐసీ7880, అల్ట్రా వైడ్ ఛానెల్ ఏ, స్కజీ ఐడీ 7, 16/253 ఎస్‌సీబీలు. తర్వాత హెచ్‌పీ డ్రైవ్ పేరు. ఆ తర్వాత ఇది:

ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్ (ట్రై బూటింగ్ విత్ ది ఐఆర్‌క్యూపోల్ ఆప్షన్)
డిసేబులింగ్ ఐఆర్‌క్యూ #16

దీని తర్వాతే అబార్ట్ గోల మొదలవుతోంది.

సిస్టమ్‌సుబ్బు
‘నోబడీ కేర్డ్’. కెర్నల్‌కు కూడా మనసు విరిగింది.

కెర్నల్‌కాకా
దొరికింది. టెర్మినేటర్ కాదు సుబ్బూ, కేబుల్ కూడా కాదు.

విషయం ఇది. అసలైన పీసీఐలో ఇంటరప్ట్ అంటే ఒక వైరు. కార్డు దాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది, డ్రైవర్ వచ్చి పని చూశాక వదులుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఆ వైరు లేదు. అడాప్టర్ మీదున్న బ్రిడ్జి చిప్ ‘లాగాడు’ అని ఒక సందేశం, ‘వదిలాడు’ అని ఇంకో సందేశం పంపాలి. కొన్ని చవక బ్రిడ్జి చిప్‌లు ఆ రెండో సందేశాన్ని అప్పుడప్పుడు ఎగ్గొడతాయి. కార్డు ఎప్పుడో వదిలేసినా ప్రాసెసర్‌కు ఇంకా లాగి పట్టుకున్నట్టే కనిపిస్తుంది. కెర్నల్ మళ్లీ మళ్లీ ఏఐసీ డ్రైవర్‌ను లేపుతుంది, డ్రైవరు ‘నాది కాదు’ అంటుంది. లక్ష ఇంటరప్టులు లెక్కపెట్టి చూసి, వాటిలో దాదాపు అన్నీ దిక్కులేనివే అయితే కెర్నల్ ఆ ఐఆర్‌క్యూనే, అంటే ఆ ఇంటరప్ట్ లైనునే, కట్టేస్తుంది. అక్కడి నుంచి కార్డు ఎంత అరిచినా వినేవాళ్లుండరు. డ్రైవర్ టైమవుట్ అయ్యేదాకా చూసి అబార్ట్ పంపుతుంది, దానికీ జవాబు రాదు, డంప్.

నిర్ధారించుకోవాలంటే ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైలు చూడండి. 16వ వరసలో అంకె ఒక్కసారిగా లక్షల్లోకి ఎగిరి అక్కడే నిలిచిపోయి ఉండాలి.

పాతపెట్టె_శీను
అచ్చంగా అలాగే ఉంది. ఎగిరింది, నిలిచిపోయింది. అదే ఐఆర్‌క్యూ మీద ఒక యూఎస్‌బీ కంట్రోలర్ కూడా ఉంది. మొన్నటి నుంచి ముందువైపు యూఎస్‌బీ పోర్టులో మౌస్ ఎందుకు చస్తోందో ఇప్పుడు అర్థమైంది.

ఓరుగల్లు_పెంగ్విన్
మరి ఐఆర్‌క్యూపోల్ అని కెర్నలే చెప్తోంది కదా. గ్రబ్‌లో (బూట్ లోడర్) కెర్నల్ వరస చివర ఐఆర్‌క్యూపోల్ రాసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చెయ్యన్నా. నేను పాత టీవీ ట్యూనర్ కార్డును అట్లనే వాడిన, బానే నడిచింది.

రమ_రూట్
టీవీ ట్యూనర్‌కు రెండు ఫ్రేములు పోతే కంటికి తెలియదు. టేప్ అలా కాదు. ఐఆర్‌క్యూపోల్ పెడితే ఇంటరప్ట్ రానప్పుడు టైమర్ తట్టినప్పుడల్లా కెర్నల్ అందర్నీ అడుగుతూ పోతుంది. పని జరుగుతుంది, కానీ ఆలస్యంగా. డేటా తీసుకునేవాడు ఆలస్యం చేస్తే డాట్ డ్రైవ్ ఆగి, టేపును వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు పరుగెత్తిస్తుంది. పాతికేళ్ల టేపును అలా ముందుకూ వెనక్కూ లాగడం నేను ఒప్పుకోను.

ఓరుగల్లు_పెంగ్విన్
ఒక ఖాళీ టేపు మీద చూడొచ్చు కదా. చూస్తే పోయేదేముంది?

పాతపెట్టె_శీను
పనికిరాని టేపు ఒకటి పెట్టి చూశాను. ఇద్దరూ చెప్పింది నిజమే. ఐఆర్‌క్యూపోల్‌తో బిగుసుకుపోవడం ఆగింది, ఎంటీ స్టేటస్ జవాబిచ్చింది. చదవడం మొదలుపెడితే మాత్రం డ్రైవ్ కాసేపు తిరిగి ఆగుతుంది, గిర్రున వెనక్కి పోతుంది, మళ్లీ ముందుకు. ఆ శబ్దం వింటే నాకే టెన్షన్ వచ్చి ఆపేశాను.

వేరే అడాప్టర్ కొననా? లేక వేరే కార్డు?

డల్లాస్_దాసు
పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లోనే నేరుగా వచ్చే స్కజీ కార్డులున్నాయి, ఎల్ఎస్ఐ అల్ట్రా320వి. ఎంపీటీ-ఎస్‌పీఐ డ్రైవర్. మంచివే. కానీ 68 పిన్నులు. మీ 50 పిన్నుల డ్రైవ్‌కు 68-50 మార్పు ముక్క కావాలి, అది పై 8 బిట్లను టెర్మినేట్ చేసే రకమై ఉండాలి. అన్ని ముక్కలూ చేయవు.

సిస్టమ్‌సుబ్బు
చూశారా. తిరిగి తిరిగి టెర్మినేటర్ దగ్గరికే వచ్చాం.

కెర్నల్‌కాకా
నన్నడిగితే కొత్త కార్డూ వద్దు, కొత్త అడాప్టరూ వద్దు. ఏ అడాప్టర్ మీద ఏ బ్రిడ్జి ఉందో అమ్మేవాడికే తెలియదు. బ్రిడ్జి లేని పీసీఐ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకోండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బోర్డు మీద తెల్లటి పీసీఐ స్లాట్ ఉన్నంత మాత్రాన అది అసలు పీసీఐ కాదు. ఇంటెల్ 6 సిరీస్ నుంచి హెచ్61, హెచ్67, పీ67 లాంటి ఇంటి రకం చిప్‌సెట్లలో పీసీఐ తీసేశారు. ఆ బోర్డుల మీద స్లాట్ కనిపిస్తే, లోపల మీ అడాప్టర్‌లో ఉన్నలాంటి బ్రిడ్జే ఉంటుంది. ఆఫీసు రకాల్లో మాత్రం ఉంచారు: బీ65, క్యూ65, క్యూ67, తర్వాతి తరంలో బీ75, క్యూ75, క్యూ77. కంపెనీలు వదిలించుకున్న ఆఫీసు డెస్క్‌టాపుల్లో ఇవి బోలెడు. ఇంకా పాతవి కావాలంటే ఐసీహెచ్7 ఉన్న జీ41 బోర్డులు, అవీ పనికొస్తాయి.

బీ75లో ఇంకో లాభం, చాలా బోర్డుల్లో సీఎస్ఎం కూడా ఉంటుంది. రమ చెప్పిన కంట్రోల్-ఏ స్క్రీన్ చూడొచ్చు.

ఓరుగల్లు_పెంగ్విన్
మా ఇంట్ల పెంటియం 4 ఉంది, కావాలంటే పంపిస్త. డెబియన్ 12 దాకా 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది. 13లో తీసేసిన్రు.

కెర్నల్‌కాకా
పెంటియం 4 కూడా సరిపోతుంది. డీడీఎస్-3 సెకనుకు 1 మెగాబైటు చిల్లర ఇస్తుంది, దానికి పెద్ద ఇంజిన్ అక్కర్లేదు. కరెంటు బిల్లు ఆయన చూసుకుంటారు.

రమ_రూట్
పాత సర్వర్ తెచ్చుకునే ఆలోచన ఉంటే ఒక్కటి: పీసీఐ-ఎక్స్ స్లాట్లు 3.3 వోల్టులవి. 5 వోల్టుల గాటు మాత్రమే ఉన్న పాత కార్డు అందులో దిగదు. బలవంతం చేయకండి.

గోదారి_స్కాన్
నా కార్డు మీద డీఎంఎక్స్3191డీ అని ఉంది. పీసీఐదే.

రమ_రూట్
దానికి కెర్నల్‌లో అదే పేరుతో డ్రైవర్ ఉంది. మోడ్‌ప్రోబ్ డీఎంఎక్స్3191డీ కొట్టి చూడండి. నెమ్మదిగా నడుస్తుంది, అది దాని స్వభావం.

పాతపెట్టె_శీను
సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో బీ75 ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్ దొరికింది. మూత తీసి చూపించమంటే షాపతను నన్ను వింతగా చూశాడు. జనం ర్యామ్ ఎంత అని అడుగుతారు, నేను పీసీఐ స్లాట్ ఉందా అని అడుగుతున్నాను.

సీఎస్ఎం ఆన్ చేశాను. అడాప్టెక్ సందేశం వచ్చింది, కంట్రోల్-ఏ పనిచేసింది, టెర్మినేషన్ ఆటోమేటిక్‌లోనే ఉంది. ఐడీ 3 దగ్గర హెచ్‌పీ డ్రైవ్ కనిపిస్తోంది. డెబియన్‌లో ఎల్ఎస్‌ఎస్‌సీఎస్‌ఐ కొడితే టేప్ అని వచ్చింది, ఎంటీ స్టేటస్ వెంటనే జవాబిచ్చింది, ఇంటరప్టుల అంకె బుద్ధిగా కొంచెం కొంచెం పెరుగుతోంది.

కానీ టార్‌తో (బ్యాకప్ మూటలు విప్పే ఆదేశం) చదవబోతే: ‘కెనాట్ ఎలొకేట్ మెమరీ’. 8 జీబీ ర్యామ్ ఉంది!

సిస్టమ్‌సుబ్బు
షాపుకు తిరిగి వెళ్లి ఇప్పుడు ర్యామ్ ఎంత అని అడుగు.

కెర్నల్‌కాకా
ర్యామ్‌తో సంబంధం లేదు. టేపు మీద డేటా దిమ్మలు దిమ్మలుగా ఉంటుంది. దిమ్మ 64 కిలోబైట్లు ఉండి మీరు 10 కిలోబైట్లే అడిగితే ఎస్‌టీ డ్రైవర్ ఆ తప్పు కోడునే ఇస్తుంది. టార్ మామూలుగా 10 కిలోబైట్లే అడుగుతుంది. ముందు ఎంటీతో సెట్‌బ్లాక్ 0 పెట్టండి, అంటే టేపు మీద ఏ పరిమాణం ఉంటే అది. తర్వాత టార్ వదిలేసి డీడీ వాడండి, బీఎస్ విలువ 64కే, అదీ చాలకపోతే 256కే. అడిగింది ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే గొడవ.

ఇంకోటి, డెవ్ కింద ఎస్‌టీ0 వాడకండి, ఎన్‌ఎస్‌టీ0 వాడండి. ఎస్‌టీ0 అయితే ఫైలు మూయగానే టేపు మొదటికి తిరిగిపోతుంది, ఎన్‌ఎస్‌టీ0 అయితే ఆగిన చోటే ఉంటుంది. ఒక టేపు మీద ఫైల్‌మార్కులతో విడదీసిన ఫైళ్లు చాలా ఉంటాయి. డీడీ ఒక్కో మార్కు దగ్గర ఆగుతుంది, మళ్లీ కొడితే తర్వాతిది ఇస్తుంది. ఏమీ రాని దాకా కొడుతూ పోండి, ఒక్కోదాన్నీ వేరే పేరుతో దాచండి. ముందు టేపంతా డిస్కు మీదికి దించాలి, లోపల ఏముందో తర్వాత తీరిగ్గా చూడొచ్చు. టేపును రెండోసారి తిప్పే అవసరం రాకూడదు.

పాతపెట్టె_శీను
డీడీ పనిచేస్తోంది. డ్రైవ్ ఆగకుండా ఒకే వరసగా తిరుగుతోంది.

మొదటి ఫైలు మాత్రం చిన్నది, కొన్ని కిలోబైట్లు కూడా లేదు. హెక్స్‌డంప్‌లో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్‌లో ‘టేప్’ అని ఉన్నాయి. రెండోది వందల మెగాబైట్లు. టార్ దేన్నీ గుర్తుపట్టడం లేదు. ఫైల్ కమాండ్ కూడా ఏదో డేటా అంటోంది.

రమ_రూట్
ప్రెస్సులో విండోస్ ఎన్‌టీ ఉండేదా?

పాతపెట్టె_శీను
అవును, మామగారిని అడిగాను. ఎన్‌టీ 4 సర్వరు, దాని వెనక పేజ్‌మేకర్ మెషిన్లు.

రమ_రూట్
అయితే అది ఎన్‌టీబ్యాకప్. మైక్రోసాఫ్ట్ టేప్ ఫార్మాట్, ఎంటీఎఫ్ అంటారు. మొదట ‘టేప్’ అన్న హెడర్ దిమ్మ, తర్వాత ఫైల్‌మార్క్, తర్వాత అసలు డేటా. మొదటి ఫైలు చిన్నగా ఉండటమే సరైనది. ఎంటీఎఫ్‌టార్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఈ ఫార్మాట్‌ను టార్‌గా మార్చి ఇస్తుంది. సోర్సు తెచ్చుకుని కంపైల్ చేసుకోవాలి, పెద్ద పని కాదు. టేపులోనే ఉండే డ్రైవ్ కంప్రెషన్ గురించి బెంగ లేదు, దాన్ని డ్రైవే విప్పి ఇస్తుంది.

డల్లాస్_దాసు
లైనక్స్ అభిమానులు తిట్టకండి, విండోస్ ఎక్స్‌పీలో కూడా ఎన్‌టీబ్యాకప్ ఉంది, టేపు నేరుగా చదువుతుంది.

కెర్నల్‌కాకా
చదువుతుంది. మధ్యలో ఎర్రర్ వస్తే ఆగిపోతుంది, అప్పటిదాకా చదివింది ఎక్కడో తెలియదు. దిమ్మలు దించి పెట్టుకున్నవాడికి కనీసం చేతిలో ఏదో ఉంటుంది. ఇది నా అభిప్రాయం, మీరు వేరేలా చేస్తే కేసు పెట్టను.

పాతపెట్టె_శీను
ఎంటీఎఫ్‌టార్ పనిచేసింది. ఫోల్డర్లన్నీ వచ్చాయి: పేజ్‌మేకర్ ఫైళ్లు, టిఫ్ బొమ్మలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఒక ఎన్నికల బ్యాలెట్ నమూనా కూడా ఉంది. చరిత్ర పుస్తకం ఫోల్డర్ దొరికింది, చివరి రెండు అధ్యాయాలు తప్ప. అవి తర్వాతి టేపులో ఉన్నాయి. ఆ టేపు సగం దాకా వచ్చి ‘మీడియం ఎర్రర్’ అని ఆగిపోతోంది.

రమ_రూట్
ముందు క్లీనింగ్ క్యాసెట్ పెట్టండి, డీడీఎస్‌కు విడిగా దొరుకుతుంది. దూది, స్పిరిట్ పెట్టి హెడ్‌ను తోమే పని చేయకండి, అది గుండ్రంగా తిరిగే డ్రమ్ము, నలిగితే అయిపోయినట్టే. క్లీన్ చేశాక ఆ టేపును చదవకుండా ఒకసారి ఎంటీతో చివరిదాకా పంపి, మళ్లీ మొదటికి రప్పించండి. రిటెన్షన్ అంటారు. ఏళ్ల తరబడి చుట్టుకుపోయి ఉన్న టేపు కాస్త సర్దుకుంటుంది. ఆ తర్వాత డీడీ.

డల్లాస్_దాసు
అదీ కుదరకపోతే ఇంకో డీడీఎస్-2 గానీ డీడీఎస్-3 గానీ డ్రైవ్ మీద ప్రయత్నించండి. రాసిన డ్రైవ్ హెడ్ కాస్త పక్కకు ఉంటే, దానికి దగ్గరగా ఉన్న డ్రైవే చదవగలదు. నా దగ్గర ఒక డ్రైవ్ పడి ఉంది, డిసెంబర్‌లో వచ్చేటప్పుడు తెస్తా.

పాతపెట్టె_శీను
క్లీనింగ్, రిటెన్షన్ అయ్యాక ఇంకొంచెం ముందుకెళ్లింది. ఆఖరి అధ్యాయం వచ్చింది, దాని ముందుది సగమే. దాసు గారూ, డ్రైవ్ తెండి, భోజనం మా ఇంట్లో.

ఇప్పుడు కొత్త తలనొప్పి. పేజ్‌మేకర్ ఫైళ్లలో తెలుగు అంతా అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంది. తెరిస్తే గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలు.

కెర్నల్‌కాకా
దానికి వేరే థ్రెడ్ తెరవండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు చేస్తాయి, చేత్తో దిద్దుకోవాలి. ఆ థ్రెడ్‌లో స్కజీ గురించి మాట్లాడితే మాడరేటర్ ఊరుకోడు.

గోదారి_స్కాన్
డీఎంఎక్స్3191డీ లోడ్ అయింది. స్కానర్ కనిపించింది. రూట్‌గా స్కాన్ అవుతోంది, మామూలు యూజర్‌గా అవడం లేదు.

రమ_రూట్
మీ యూజర్‌ను స్కానర్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. అప్పటికీ రాకపోతే ఆ ఎస్‌జీ పరికరం ఏ గ్రూపులో ఉందో ఎల్ఎస్-ఎల్ కొట్టి చూసి ఇక్కడ పెట్టండి. శీను గారూ, మీరూ టేప్ గ్రూపులో చేరండి, రోజూ సుడో కొట్టక్కర్లేదు.

సిస్టమ్‌సుబ్బు
గోదారి, ఆ స్కానర్ వెనక టెర్మినేటర్ ఉందా?